రాతిదుమ్ము పడే మిద్దెకు ఏ సోలార్ ప్యానెల్? తాడిపత్రి ప్రాంతపు ఒక కేసు

నేపథ్యం

అనంతపురం కేంద్రంగా ఇళ్ల మీద, చిన్న వర్క్‌షాపుల మీద సోలార్ ప్యానెళ్లు బిగించడం నా వృత్తి. ఈ కేసులో ఏ రకం ప్యానెల్ వెయ్యాలన్న ప్రశ్న మీద నేను దాదాపు మూడు వారాలు లెక్కలు కట్టాను. ఆ లెక్కల్లో ఎక్కడా లేని విషయం ఒకటి, బిగించిన నాలుగో నెలకే ఉత్పత్తిలో నాలుగో వంతును మింగేసింది. అందుకే దీన్ని రాసిపెడుతున్నాను. కుటుంబాన్ని గుర్తుపట్టగల వివరాలన్నీ తీసేశాను, ఊరి పేరు చెప్పడం లేదు. కొలతలు, తీసుకున్న నిర్ణయాలు, వాటి వెనక నా ఆలోచన మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను.

ఇల్లు తాడిపత్రి చుట్టుపక్కల ఒక ఊళ్లో ఉంది. నాపరాళ్లు, గ్రానైటు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీలు ఇంటికి నైరుతి దిక్కున కిలోమీటరు లోపలే ఉన్నాయి. ఉద్యోగ విరమణ చేసిన పెద్దాయన, వ్యాపారం చేసుకునే ఆయన తమ్ముడు, ఇద్దరి కుటుంబాలు ఒకే కప్పు కింద ఉంటాయి. రెండు ఏసీలు, బోరు మోటారు, మిగతా సామాన్యమైన వాడకం కలిపి వేసవిలో నెలకు 550 నుంచి 600 యూనిట్లు, చలికాలంలో 400కు కాస్త అటూ ఇటూ వచ్చేది. మిద్దె విశాలమైనదే గానీ మెట్ల గది, నీళ్ల ట్యాంకు, వాటి నీడ పడే చోటు తీసేస్తే మిగిలేది సగానికి కొంచెం ఎక్కువ. ఆ మిగిలిన దాంట్లోనే మిరపకాయలు, వడియాలు, బుడ్డలు ఆరబోసుకోవడానికి తమకు చోటు కావాలని ఇంటి ఆడవాళ్లు మొదటి రోజే స్పష్టంగా చెప్పారు. డిజైన్ కాగితం మీద ఆ షరతును మొదటి గీతగా గీసుకోవడం ఈ కేసులో నేను చేసిన కొద్దిపాటి మంచి పనుల్లో ఒకటి.

నా ముందుకు వచ్చిన ప్రశ్న

నేను వెళ్లేసరికే వాళ్ల చేతిలో మూడు కొటేషన్లు ఉన్నాయి. మొదటిది 335 వాట్ల పాలీ ప్యానెళ్లు 15, అన్నిటికంటే చవక. రెండోది 540 వాట్ల మోనో పెర్క్ ప్యానెళ్లు 9, ప్యానెల్ లోపల కరెంటు పుట్టించే సెల్స్ కూడా మన దేశంలోనే తయారైన డీసీఆర్ రకం కాబట్టి వాటికి కేంద్ర సబ్సిడీ వస్తుంది. మూడోది 575 వాట్ల టాప్‌కాన్ (పెర్క్ తర్వాత వచ్చిన కొత్త రకం) బైఫేషియల్ (రెండు వైపులా వెలుతురు పట్టే) ప్యానెళ్లు 9, సెల్స్ బయటి దేశానివి కాబట్టి సబ్సిడీ రాదు. మూడూ దాదాపు 5 కిలోవాట్ల వ్యవస్థలే. వీటికి తోడు, సోలార్ పార్కులో పనిచేసే వాళ్ల బంధువు ఒకరు, మన ఎండలకు థిన్ ఫిల్మ్ (గాజు మీద పల్చటి పొరగా సెల్స్ వేసే) ప్యానెళ్లే తట్టుకుంటాయని ఫోన్‌లో చెప్పాడట. పెద్దాయన నాలుగూ నా ముందు పెట్టి, ధరల సంగతి తాము చూసుకుంటామని, మన ఎండకు ఏది నిలుస్తుందో అదొక్కటి చెప్పమని అడిగారు.

ప్రశ్న అలా అడగడంతో నేను కూడా ఎండ దగ్గరే ఆగిపోయాను. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడమే తప్ప, ఈ మిద్దెకు అడగవలసిన ప్రశ్న అదేనా అని అప్పుడు ఆలోచించలేదు.

ఎంపికలో నడిచిన తర్కం

పాలీని తీసేయడం కష్టం కాలేదు. కరిగించిన సిలికాన్‌ను అచ్చులో పోసి గడ్డకట్టించినప్పుడు అది ఎన్నో చిన్న స్ఫటికాలుగా ఏర్పడుతుంది. ఆ స్ఫటికాల సరిహద్దుల దగ్గర కొంత విద్యుత్తు పోతుంది కాబట్టి పాలీ సామర్థ్యం 17 శాతం దగ్గరే ఆగుతుంది. ఒకే స్ఫటికంగా పెంచిన మోనో సెల్‌కు వెనక వైపు కాంతిని తిప్పికొట్టే పొర చేర్చిన పెర్క్ రకం 21 శాతం దాకా, టాప్‌కాన్ 22 శాతం పైన ఇస్తాయి. ఈ తేడా మిద్దె మీద చోటుగా మారుతుంది. 15 పాలీ ప్యానెళ్లకు 29 చదరపు మీటర్లు కావాలి, 9 పెద్ద మోనో ప్యానెళ్లకు 23 చాలు. ఆ ఆరు మీటర్లు మిరపకాయలవి. పైగా ఆ పాలీ సరుకు అప్పటికే గోదాములో పాతబడినది.

థిన్ ఫిల్మ్‌ను ఇంకా తొందరగా కొట్టేశాను. చిల్లరగా దొరకదు, చోటు ఎక్కువ తింటుంది. ఈ రెండు కారణాలూ నిజమే. అయితే ఆ బంధువు మాటను నేను కొంచెం నవ్వి పక్కన పెట్టాను, దాని సంగతి తర్వాత చెబుతాను.

మిగిలింది పెర్క్, టాప్‌కాన్‌ల మధ్య పోటీ. ఇక్కడ నా మొగ్గు టాప్‌కాన్ వైపే ఉంది. ప్యానెల్ మీద రాసే వాట్లు సెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీలు, ఎండ చదరపు మీటరుకు 1000 వాట్లు ఉన్నప్పటివి. మన మే నెల మధ్యాహ్నం గాలి 42 డిగ్రీలుంటే సెల్ అంతకంటే 31 డిగ్రీలు ఎక్కువగా, అంటే 73 డిగ్రీల దాకా కాగుతుంది. 25 మీద 48 డిగ్రీలు అదనం. ఒక్కో డిగ్రీకి పాలీ 0.40 శాతం, పెర్క్ 0.35 శాతం, టాప్‌కాన్ 0.30 శాతం చొప్పున శక్తి కోల్పోతాయనుకుంటే, ఆ గంటలో పాలీకి 19, పెర్క్‌కు 17, టాప్‌కాన్‌కు 14 శాతం పైచిలుకు నష్టం. ఈ మూడు అంకెలూ కాగితం మీద రాసి చూపించి, రాయలసీమ ఎండకు టాప్‌కానే సరైనదని చెప్పాను. పెద్దాయన ఒప్పుకున్నారు కూడా.

ఒప్పుకోనిది ఆయన కోడలు. ఆమె ఒక ఆఫీసులో లెక్కలు రాసే ఉద్యోగం చేస్తుంది. ఆమె నన్ను రెండు ప్రశ్నలు అడిగింది. మొదటిది, మే మధ్యాహ్నం ఏడాదిలో ఎన్ని గంటలు ఉంటుంది? ఉత్పత్తి ఎక్కువగా జరిగే గంటలన్నీ కలిపి చూస్తే మన దగ్గర సెల్ సగటున 55 డిగ్రీల దగ్గర ఉంటుందనుకోవచ్చు. అప్పుడు పెర్క్‌కూ టాప్‌కాన్‌కూ తేడా ఒకటిన్నర శాతమే. అత్యంత కఠినమైన గంటను చూపించి ఏడాదంతటికీ తీర్పు చెప్పానని అప్పుడు గ్రహించాను.

రెండో ప్రశ్న ఇంకా పదునైనది. టాప్‌కాన్ అదనంగా ఇచ్చే యూనిట్ల విలువను నేను యూనిట్‌కు 9.75 రూపాయల చొప్పున కట్టాను, ఎందుకంటే ఆ ఏడాది 400 దాటిన యూనిట్‌కు డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ, తీసుకునే ధర అదే. టాప్‌కాన్ నెమ్మదిగా అరుగుతుందన్న మేలు కూడా కలిపితే సగటున 4 శాతం, ఏడాదికి 280 యూనిట్లు ఎక్కువ వస్తాయి. 9.75తో గుణిస్తే 2,730 రూపాయలు. ఆమె బిల్లు తీసి చూపించింది. సోలార్ ముందుగా తగ్గించేది పై శ్లాబు యూనిట్లనే. 400 పైన ఉన్నవి, ఆ తర్వాత 8.75వి, 6 రూపాయలవి వరుసగా పోతాయి. 5 కిలోవాట్లు పెట్టాక నెలకు దాదాపు వాడకమంతా తీరిపోతుంది కాబట్టి, చివర్లో అదనంగా వచ్చే నాలుగు శాతం తగ్గించేది అన్నిటికంటే కింది శ్లాబులను, అంటే 1.90, 3 రూపాయల యూనిట్లను. అది కూడా దాటి మిగిలిపోతే డిస్కం ఇచ్చే ధర పై శ్లాబు దరిదాపుల్లో కూడా ఉండదు. కాబట్టి ఆ 280 యూనిట్ల విలువ యూనిట్‌కు 3 రూపాయల లెక్కన 840 రూపాయలే. పాతికేళ్లకు 21,000.

ఇక సబ్సిడీ. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లు, ఆపైన ఉన్న ఇళ్లకు 78,000 రూపాయలు వస్తుంది. అయితే డీసీఆర్ ప్యానెళ్లు ధర ఎక్కువ. మా కొటేషన్లలో ఆ తేడా 45,000 దాకా ఉంది. అంటే సబ్సిడీలో సగానికి పైగా ప్యానెల్ ధరలోనే కరిగిపోయి చేతికి నికరంగా మిగిలేది 33,000. ఈ సంగతి చాలామంది గమనించరు, సబ్సిడీ మొత్తాన్ని లాభంగానే చూస్తారు. అయినా ఇప్పుడే చేతికి వచ్చే 33,000, పాతికేళ్లలో కొంచెం కొంచెంగా వచ్చే 21,000 కంటే ఎక్కువే.

బైఫేషియల్ వెనక వైపు ఇచ్చే లాభాన్ని కూడా తూచాం. కింద తెల్లటి నేల, ప్యానెల్‌కూ నేలకూ మధ్య మంచి ఎత్తు ఉంటేనే వెనక పక్కకు చెప్పుకోదగ్గ వెలుతురు చేరుతుంది. ఈ మిద్దె మీద ముందు కాళ్లు అడుగు ఎత్తువే. తెల్ల పెయింటు వేసినా నెల తిరక్కుండానే బూడిద రంగుకు తిరుగుతుందని తమ్ముడే చెప్పాడు. ఆ మాట విన్నప్పుడే, అదే దుమ్ము ప్యానెల్ పై భాగాన కూడా పడుతుంది కదా అని నాకు తట్టి ఉండవలసింది. తట్టలేదు.

డీసీఆర్ మోనో పెర్క్ ఖాయమైంది. ఆ నిర్ణయం తప్పని నేను ఇప్పటికీ అనుకోవడం లేదు.

బిగించిన తీరు

మార్చి చివర్లో పని పూర్తయింది. ప్యానెళ్లను అడ్డంగా, అంటే పొడవు వైపు నేలకు సమాంతరంగా ఉండేట్టు, 6 డిగ్రీల వాలుతో దక్షిణానికి తిప్పి బిగించాం. ఇంత తక్కువ వాలుకు కారణం గాలి. జూన్ నుంచి ఆగస్టు దాకా మా ప్రాంతంలో పడమటి గాలి ఎలా వీస్తుందో ఇక్కడి వాళ్లకు చెప్పనక్కర్లేదు. వాలు తగ్గితే గాలి పట్టు తగ్గుతుంది, ఇనుము తగ్గుతుంది, వీధిలోంచి చూస్తే ఎత్తుగా కనిపించదు. మన అక్షాంశం 15 డిగ్రీల లోపే కాబట్టి 15 బదులు 6 డిగ్రీలు పెట్టినా ఏడాది ఉత్పత్తిలో పోయేది ఒక శాతం దగ్గరే. కాగితం మీద చాలా చవకైన రాజీ అది.

డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో దుమ్ము వల్ల నష్టం ఎంత అని అడిగే గడి ఒకటి ఉంటుంది. అందులో 3 శాతం అని నేనే టైప్ చేశాను. ఎప్పుడూ అదే టైప్ చేసేవాణ్ణి.

ఏప్రిల్, మే నెలల్లో రోజుకు 21, 22 యూనిట్లు వచ్చాయి. అందరూ సంతోషించారు.

సమస్య, దాని మీద చేసి ఫలించని ప్రయత్నాలు

జులై మధ్యలో పెద్దాయన ఫోన్ చేశారు. రోజుకు 14 యూనిట్లు వస్తున్నాయన్నారు. జులైలో మబ్బులు సహజమని మొదట సర్దిచెప్పాను. తర్వాత మనసొప్పక, అనంతపురం పట్టణంలో నేనే బిగించిన మరో ఇంటి లెక్క తీశాను. అదే వారంలో ఆ ఇంట్లో కిలోవాట్‌కు రోజుకు 3.9 యూనిట్లు వస్తే ఈ ఇంట్లో 2.9 వచ్చాయి. మబ్బు రెండు చోట్లా దాదాపు ఒకటే. నాలుగో వంతు ఎక్కడో పోతోంది.

దుమ్మే కారణం కావచ్చని వారానికోసారి కడగమని చెప్పాను. బోరు నీళ్లతో కడిగారు. రెండు రోజులు బాగుండేది, మళ్లీ పడిపోయేది. మూడు వారాల తర్వాత చూస్తే గాజు మీద తెల్లటి మచ్చలు. ఆ ఊరి బోరు నీటిలో సున్నపు కాఠిన్యం ఎక్కువ. కాగుతున్న గాజు మీద ఆ నీళ్లు ఆరిపోతే, కెటిల్ అడుగున పేరుకున్నట్టే పొర కడుతుంది. కడగమని చెప్పిన నేను ఏ నీళ్లతో అని చెప్పలేదు. దీనికి తోడు నీళ్లు లేని రోజుల్లో పనిమనిషి కొబ్బరి చీపురుతో పొడిగా ఊడ్చేది. నాపరాతి పొడి మెత్తనిదే, గాజును గీయలేదు. కానీ గ్రానైటు పొడిలో ఉండే క్వార్ట్జ్ గాజు కంటే గట్టిది. గాజు పైన కాంతి తిరిగిపోకుండా వేసే పల్చటి పూతను అది ఉప్పుకాగితంలా గీకుతుంది. రెండు ప్యానెళ్ల మీద ఆ గీతలు ఏటవాలుగా చూస్తే ఇప్పటికీ కనిపిస్తాయి.

ఈలోగా అనుమానం ప్యానెల్ రకం మీదికి మళ్లింది. పెద్దాయన నిందగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగారు: "ఏమప్పా, సబ్సిడీకి ఆశపడి మంచి ప్లేట్లు వదులుకున్నామంటావా?" నాలోనూ అదే శంక ఉంది. ప్రతి ప్యానెల్ వోల్టేజీ విడిగా చూశాను, తేడా లేదు. తెలిసినవాళ్ల దగ్గర థర్మల్ కెమెరా తెచ్చి చూశాను. కింది అంచు వెంబడి సెల్స్ వరస ఒకటి మిగతా వాటికంటే కాస్త వెచ్చగా కనిపించింది. అయితే అది తొమ్మిదింటిలోనూ ఒకేలా ఉంది. ఒకేలా ఉన్నది తయారీ లోపం కాదు కదా అని దాన్ని నోట్‌బుక్కులో రాసి వదిలేశాను. జవాబు ఆ చిత్రంలోనే ఉంది. నేను తయారీ లోపం కోసం వెతుకుతున్నాను కాబట్టి, లోపం కానిదేదీ నా కంటికి ఆధారంగా కనిపించలేదు.

తర్వాత ఒక టాప్‌కాన్ ప్యానెల్‌ను అరువు తెచ్చి, అదే వాలులో పెర్క్ పక్కన మూడు వారాలు ఉంచాను. రెండూ మొదటి రోజు శుభ్రం చేసినవే. మూడు వారాల తర్వాత క్లాంప్ మీటరుతో షార్ట్ సర్క్యూట్ కరెంటు (ప్యానెల్ రెండు తీగలను నేరుగా కలిపినప్పుడు పారేది) కొలిచి, కడిగాక మళ్లీ కొలిచాను. దుమ్ము వల్ల పెర్క్‌లో తగ్గింది 12 శాతం, టాప్‌కాన్‌లో 11. ఆ ఒక శాతం నా మీటరు పొరపాటు హద్దుల్లోనిదే. దుమ్ముకు రెండు రకాలూ ఒకటేనని తేలింది. పెద్దాయన ప్రశ్నకు జవాబు దొరికింది గానీ నా ప్రశ్న మరింత చిక్కుపడింది. దుమ్ము తీసింది 12 శాతమైతే, మిగతా 13 ఎవరు తీసుకెళ్లారు?

కింది అంచు

ఆగస్టులో ఒక తెల్లవారుజామున ఆరు గంటలకే మిద్దె ఎక్కాను. రాత్రి పడిన తుంపర ప్యానెళ్ల మీద నుంచి జారి, కింది ఫ్రేము గట్టు దగ్గర ఆగి నిలబడి ఉంది. 6 డిగ్రీల వాలులో ఆ గట్టును దాటేంత ఊపు నీటికి రాదు. పైనున్న దుమ్మంతా ఆ నీటితో దిగి వచ్చి అక్కడే చేరింది. ఎండెక్కేసరికి అది ఆరి, రెండంగుళాల వెడల్పున బూడిద రంగు పట్టీగా మిగిలింది. మామూలు మట్టి అయితే రాలిపోతుంది. ఇది రాతిపొడి, దానిమీద సున్నపు నీళ్లు. గోటితో గీకితే తప్ప రాలేదు.

మా ప్రాంతపు వాన తీరు కూడా ఇందులో భాగం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు పడే వానలో జోరు సెప్టెంబరు, అక్టోబరుల్లోనే. చాలా చోట్ల జూన్, జులైలలో వాన ప్యానెళ్లను కడిగేస్తుంటే, పడమటి కనుమల చాటున ఉన్న మాకు ఆ నెలల్లో ఎక్కువగా గాలి, తుంపరే దక్కుతాయి. అది దుమ్మును కడిగేంత కాదు, తడిపి అతికించేంత. పాలిష్ ఫ్యాక్టరీల దగ్గర ఆరబెట్టిన రాతి బురద సరిగ్గా అప్పుడే నైరుతి నుంచి లేస్తుంది.

రెండంగుళాల పట్టీ అంత నష్టం ఎలా చేస్తుందంటే, ప్యానెల్‌లో సెల్స్ మూడు గొలుసులుగా, ఒకదాని వెనక ఒకటి వరుసగా కలిపి ఉంటాయి, వరుసలో అన్నిటికంటే బలహీనమైన సెల్ ఎంత కరెంటు ఇస్తే మిగతావీ అంతే ఇవ్వగలవు. ప్యానెల్‌ను అడ్డంగా బిగిస్తే కింది పొడవు అంచున ఉన్న సెల్స్ అన్నీ ఒకే గొలుసులోనివి. ఆ గొలుసు బలహీనమైతే మిగతా రెండు గొలుసులూ దానికి తగ్గట్టు కుంగాలి, లేదా బైపాస్ డయోడు ఆ గొలుసును పూర్తిగా పక్కన పెట్టి మూడో వంతును వదులుకోవాలి. షార్ట్ సర్క్యూట్ కొలతలో ఇది బయటపడదు. అక్కడ డయోడు దారి ఇచ్చేస్తుంది కాబట్టి శుభ్రంగా ఉన్న గొలుసుల కరెంటే మీటరులో కనిపిస్తుంది. నా కొలత తప్పు కాదు, నేను కొలిచింది వేరే విషయం.

పరీక్ష చాలా తేలిక. మబ్బులేని ఒక ఉదయం పదకొండు గంటలకు, ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టరు 2.9 కిలోవాట్లు చూపిస్తోంది. ప్యానెళ్ల మిగతా భాగం ముట్టుకోకుండా, తొమ్మిదింటి కింది పట్టీని మాత్రం నానబెట్టిన గుడ్డతో తుడిచాం. కింద ఇన్వర్టరు ముందు నిలబడిన పెద్దాయన అంకెలు బిగ్గరగా చదువుతూ వచ్చారు. పది నిమిషాల్లో 3.4 అయింది. తర్వాత మొత్తం శుభ్రం చేస్తే 3.85కు చేరింది. 12 శాతం పొర, 15 శాతం పట్టీ, రెండూ కలిసి నాలుగో వంతు. లెక్క సరిపోయింది.

ఫలించిన మార్పులు

అడ్డంగా ఉన్న ప్యానెళ్లను నిలువుగా తిప్పాలా అన్నది నేను ఎక్కువసేపు తర్జనభర్జన పడిన నిర్ణయం. ఈ 540 వాట్ల ప్యానెళ్లు హాఫ్ కట్ రకం. సెల్స్ సగానికి కోసి, పై సగం, కింది సగం రెండు వేర్వేరు భాగాలుగా, ఒకదాని కరెంటు మీద ఇంకోటి ఆధారపడకుండా సమాంతరంగా కలిపి ఉంటాయి. నిలువుగా పెడితే పట్టీ కింది సగాన్ని మాత్రమే కుంగదీస్తుంది, పై సగం పూర్తిగా పని చేస్తుంది. రెండు తీరుల్లోనూ పట్టీ కింది వరస సెల్స్ మీద పడే కాంతిలో 30 శాతాన్నే ఆపిందనుకుంటే, అడ్డంగా ఉన్నప్పుడు 30 శాతం నష్టం, నిలువుగా ఉంటే అందులో సగం, 15. పట్టీ పూర్తిగా నల్లగా, ఏమాత్రం వెలుతురు పోనివ్వకుండా ఉంటే మాత్రం లెక్క తిరగబడుతుంది. అడ్డంగా ఉన్నప్పుడు డయోడు కాపాడి నష్టాన్ని మూడో వంతు దగ్గర ఆపుతుంది, నిలువుగా ఉంటే సగం పోతుంది. రెండూ సమానమయ్యేది పట్టీ మూడింట రెండు వంతుల కాంతిని ఆపినప్పుడు. ఈ ఇంట్లో పట్టీ అంత దట్టంగా ఎప్పుడూ లేదు. అందుకే నిలువే మేలనుకున్నాం. పట్టీని నెలల తరబడి ముట్టుకోని మిద్దెకు ఇదే సలహా ఇవ్వను.

వాలును 15 డిగ్రీలకు పెంచాం. గాలికి తగ్గట్టు కాళ్లు దగ్గర చేసి, అడ్డ కడ్డీలు వేశాం. రెండు వరుసలుగా పెట్టాల్సి రావడంతో వరుసల మధ్య నాలుగడుగుల సందు వదిలాం. ఆరబోసుకునే చోటు తగ్గిందని ఇంట్లో అభ్యంతరం వచ్చింది, అది న్యాయమైన అభ్యంతరమే. ఇప్పుడు మిరపకాయలు ఆ సందులోనే ఆరుతున్నాయి. కింది ఫ్రేము గట్టు మీద నీళ్లు ఆగకుండా జార్చే చిన్న ప్లాస్టిక్ క్లిప్పులు ప్యానెల్‌కు రెండు చొప్పున తగిలించాం. ఈ మొత్తం మార్పులో అన్నిటికంటే తక్కువ ఖర్చు వాటిదే.

నీటి విషయంలో, బోరు నీళ్లకు కట్టిన స్ప్రింక్లరు పెడదామన్న తమ్ముడి ఆలోచనను వద్దన్నాను. అది రోజూ సున్నం పూయడమే అవుతుంది. వాన నీళ్లు పట్టి ఉంచిన డ్రమ్ము నుంచి, అవి అయిపోతే తాగే నీళ్ల క్యాన్ల నుంచి, పదిహేను రోజులకోసారి సూర్యోదయానికి ముందు మెత్తటి వైపరుతో తుడుస్తారు. తొమ్మిదింటికీ రెండు క్యాన్లు చాలు. అప్పటికే పట్టిన తెల్ల మచ్చలను బాగా పల్చన చేసిన వెనిగర్‌తో తీశాం. బండలు కడిగే యాసిడ్ వాడదామని ఒక కుర్రవాడు సీసా కూడా తెచ్చాడు. అల్యూమినియం ఫ్రేమును తినేస్తుందని ఆపాం. దుమ్ము అంటదని చెప్పి అమ్మే ఒక పూతను రెండు ప్యానెళ్లకు వేసి చూశాం. నెల తర్వాత మిగతా వాటికీ వాటికీ తేడా కనిపించలేదు.

మరుసటి ఏడాది జూన్ నుంచి ఆగస్టు వరకు, అనంతపురం ఇంటితో పోలిస్తే ఈ ఇంటి ఉత్పత్తి కిలోవాట్‌కు 93 శాతం వచ్చింది. ముందు ఏడాది జులైలో అది 74. తిరిగి బిగించిన కూలి నేను భరించాను. 3 శాతం అని టైప్ చేసింది నేనే కాబట్టి అది నా మీద పడవలసిన ఖర్చే. అదనపు ఇనుముకు వాళ్లు ఇచ్చారు.

తిరిగి చూసుకుంటే

ప్యానెల్ రకానికి అసలు ప్రాముఖ్యమే లేదని నేను అనడం లేదు. ఈ మిద్దె మీద అది పని చేసింది, కాకపోతే నేను చూసిన కోణంలో కాదు. సెల్ పెర్క్‌దా టాప్‌కాన్‌దా అన్నది ఒకటి, రెండు శాతాల మాట. సెల్స్‌ను లోపల ఎలా కలిపారు, ఫ్రేము గట్టు ఎంత ఎత్తు అన్నవి పదిహేను శాతాల మాట. చవకని పాలీ ప్యానెళ్లు తీసుకుని ఉంటే, అవి పాత పద్ధతి పూర్తి సెల్ ప్యానెళ్లు కాబట్టి, నిలువుగా తిప్పినా కింది వరస కుంగగానే మూడు గొలుసులూ ఒకేసారి కుంగేవి. వాటికి నిలువు ఏ విధంగానూ మందు కాదు.

ఆ బంధువు చెప్పిన థిన్ ఫిల్మ్ సంగతి. ఆయన వేడిని తలుచుకుని చెప్పాడు, నేను వేడిని తలుచుకునే తోసిపుచ్చాను. నిజానికి థిన్ ఫిల్మ్‌లో సెల్స్ చతురస్రాలుగా కాక ఈ చివరి నుంచి ఆ చివరికి సన్నటి పొడవాటి గీతలుగా ఉంటాయి. ఆ గీతలు నిలువుగా వచ్చేలా బిగిస్తే కింది పట్టీ ప్రతి సెల్‌లోనూ కొసను మాత్రమే కప్పుతుంది, కాబట్టి నష్టం కప్పిన వైశాల్యాన్ని మించదు. ఫ్రేము లేని రెండు గాజుల రకమైతే నీళ్లు ఆగే గట్టే ఉండదు. చోటు కారణంగా ఈ ఇంటికి దాన్ని ఇప్పుడైనా ఎంచుకోను. కానీ రాతి ఫ్యాక్టరీ రేకుల కప్పు మీద, చోటుకు కొదవ లేని యజమాని అడిగితే, ఈసారి నవ్వకుండా లెక్క కడతాను.

నా సర్వే కాగితంలో ప్యానెల్ రకం గడి ఇప్పుడు రెండో పేజీకి పోయింది. మొదటి పేజీలో జూన్ గాలి ఏ దిక్కు నుంచి, ఆ దిక్కున కిలోమీటరు దూరంలో ఏముంది, ఇంట్లో కెటిల్ అడుగున తెల్ల పొర ఎంత మందం, మిద్దె మీద చీపురు పట్టేది ఎవరు అన్న ప్రశ్నలు ఉన్నాయి. దుమ్ము నష్టం గడిలో 3 అని ముందే నింపి ఉంచడం మానేశాను. కొత్త ఊరైతే, సర్వేకు ఒక నెల ముందే అర అడుగు గాజు పలకను 6 డిగ్రీల వాలుతో మిద్దె మీద పెట్టి రమ్మని మా కుర్రవాణ్ణి పంపుతున్నాను.

చీపురు గీతలు పడిన ఆ రెండు ప్యానెళ్లను మాత్రం ప్రతి జనవరిలో విడిగా కొలుస్తున్నాను. కిందటిసారి అవి మిగతా ఏడింటి కంటే ఒక శాతం తక్కువ చూపించాయి. నా మీటరు పొరపాటు హద్దు కూడా అంతే కాబట్టి, వచ్చే జనవరి కొలత చూడకుండా వాటి సంగతి పెద్దాయనకు ఏమీ చెప్పలేదు.